హైలురోనిక్ యాసిడ్ సీరం వాడే పద్ధతి: ముందు తడి, తర్వాత మూత

"సీరం రాసుకున్న పావుగంటకే ముఖం లాగేస్తోంది. తేమనిస్తుందన్నారు కదా, ఇదేంటి?" నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. అడిగిన ప్రతివాళ్లనూ నేను తిరిగి రెండు అడుగుతాను. సీరం రాసేటప్పుడు ముఖం తడిగా ఉందా? దాని మీద క్రీమ్ రాశారా? పదిమందిలో తొమ్మిదిమంది రెంటికీ లేదనే అంటారు.

హైలురోనిక్ యాసిడ్ ఎక్కడినుంచో నీళ్లు మోసుకొచ్చి చర్మంలో పోయదు. అందుబాటులో ఉన్న నీటిని పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే సీరం రాసే ఆ అర నిమిషం కన్నా దాని ముందు చేసే పనీ, తర్వాత చేసే పనీ ఎక్కువ లెక్కలోకి వస్తాయి. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ రెంటికే ఇచ్చాను.

పేరులో యాసిడ్ ఉందని బెదరకండి. గ్లైకాలిక్, సాలిసిలిక్ యాసిడ్లలాగా ఇది చర్మం పైపొరను ఊడదీయదు. మన ఒంట్లో సహజంగా ఉండే పదార్థమే ఇది. ఒంట్లో ఉన్న మొత్తంలో దాదాపు సగం చర్మంలోనే ఉంటుంది.

## 1. ముందు తేల్చుకోండి: తక్కువైంది నీరా, నూనెనా?

పొడిబారిన చర్మం అని అందరం ఒకే మాట వాడతాం గానీ, అందులో రెండు రకాల ఇబ్బందులున్నాయి. చర్మంలో నూనె తక్కువైతే ఒకటి, నీరు తక్కువైతే ఇంకొకటి. హైలురోనిక్ యాసిడ్ రెండో దానికి పనికొస్తుంది. మొదటిదానికి ఒంటరిగా పెద్దగా ఏమీ చేయలేదు.

తేల్చుకోవడానికి ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష ఉంది. మృదువైన క్లెన్సర్‌తో ముఖం కడిగి, మెత్తగా అద్ది, ఏమీ రాయకుండా అరగంట ఆగండి. తర్వాత వెలుతురులో అద్దం ముందు నిలబడండి.

- నుదురు, ముక్కు మెరుస్తున్నాయి, బుగ్గలు మాత్రం బిగుసుకున్నాయి: నీరు తక్కువ.
- బుగ్గను వేలితో కాస్త పైకి నెడితే పల్చటి కాగితం నలిగినట్టు సన్న గీతలు పడుతున్నాయి: ఇదీ నీటి లోటే కావచ్చు.
- ఎక్కడా జిడ్డు లేదు, ముట్టుకుంటే గరుకు, అక్కడక్కడా పొట్టు: నూనె తక్కువ. మీకు ముందు మంచి క్రీమ్ కావాలి, సీరం తర్వాతి సంగతి.
- ఎర్రబడింది, నీళ్లు తగిలినా చురుక్కుమంటోంది: చర్మపు పైపొర దెబ్బతింది. కొత్త సీరాలేవీ ఇప్పుడు మొదలుపెట్టకండి.

జిడ్డు చర్మం వాళ్లు "నాకు తేమతో పనేముంది" అనుకుంటారు. జిడ్డు వేరు, తేమ వేరు. మొటిమల భయంతో రోజుకు నాలుగుసార్లు ముఖం తోమే వాళ్ల చర్మం పైకి జిడ్డోడుతూ లోపల ఎండిపోయి ఉండటం మామూలే. ఈ సీరం పల్చగా, నూనె లేకుండా ఉంటుంది గనక వాళ్లకు బాగా నప్పుతుంది.

## 2. సీసా ముందువైపు కాదు, వెనకవైపు చదవండి

ముందువైపు రాసేవన్నీ అమ్ముకోవడానికి రాసేవి. తన బరువుకు వెయ్యి రెట్ల నీటిని పట్టుకుంటుందన్న మాట దాదాపు ప్రతి పెట్టె మీదా కనిపిస్తుంది. ఆ అంకె మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి. సీసాలో ఉన్నప్పుడే ఆ పదార్థం కడుపునిండా నీళ్లు తాగి ఉంటుంది. సీరం చిక్కగా, జారుడుగా ఉండేది అందుకే.

శాతాల సంగతీ అంతే. సీరాల్లో ఇది సాధారణంగా చాలా కొద్దిగా, ఒకటి రెండు శాతం లోపే ఉంటుంది. పెద్ద అణువుల రకం ఒక్క శాతం కలిపినా ద్రవం జెల్‌లా చిక్కబడిపోతుంది. శాతం ఎక్కువైతే పని ఎక్కువ అనుకుని కొంటే చేతికొచ్చేది తేమ కాదు, జిగురు.

వెనకవైపు పదార్థాల పట్టికలో ఈ పేర్లు కనిపిస్తాయి:

- సోడియం హైలురోనేట్: దీని ఉప్పు రూపం. ఎక్కువ సీరాల్లో ఉండేది ఇదే. నకిలీ అనుకోకండి, పనిలో తేడా లేదు.
- హైడ్రోలైజ్డ్ హైలురోనిక్ యాసిడ్: చిన్న ముక్కలుగా విడగొట్టినది.
- సోడియం ఎసిటైలేటెడ్ హైలురోనేట్: చర్మానికి కాస్త ఎక్కువసేపు అంటిపెట్టుకునేలా మార్చినది.
- సోడియం హైలురోనేట్ క్రాస్‌పాలిమర్: వలలా అల్లి, పైన పొరలా నిలిచేలా చేసినది.

ఈ పేరు పట్టిక చివర్లో ఉందని కంగారుపడకండి. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఇది అంత తక్కువలోనే ఉంటుంది కాబట్టి కిందికి పోవడం సహజం.

చిన్న అణువులు చర్మం లోతుల్లోకి దూసుకుపోతాయన్న ప్రచారం ఒకటుంది. చర్మం పైపొరను సులువుగా దాటాలంటే అణువు బరువు 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) లోపు ఉండాలని చర్మ శాస్త్రంలో ఒక మోటు లెక్క. మామూలు హైలురోనిక్ యాసిడ్ బరువు పది లక్షల డాల్టన్ల పైమాటే. చిన్నదని చెప్పే 50 వేల డాల్టన్ల ముక్క కూడా ఆ హద్దుకు వంద రెట్లు. పెద్దవాటి కన్నా చిన్నవి కాస్త లోపలికి వెళ్లే మాట నిజమే గానీ, పని ఎక్కువగా జరిగేది పైపొరల్లోనే. సున్నిత చర్మం ఉన్నవాళ్లలో కొందరికి ఈ చిన్న ముక్కల రకంతోనే చిరచిర వస్తుంది. అలాంటివాళ్లు సోడియం హైలురోనేట్ ఒక్కటే ఉన్న సాదా సీరంతో మొదలుపెట్టడం మేలు.

నేనైతే కొనేముందు పట్టికలో మొదట వెతికేది గ్లిజరిన్. నీటిని పట్టి ఉంచడంలో అదేమీ తక్కువది కాదు. పేరుకు అంత ఆడంబరం లేదు, అంతే తేడా. రెండూ కలిసి ఉన్న సీరం ఒక్క హైలురోనిక్ యాసిడే ఉన్నదాని కన్నా నాకు బాగా అనిపిస్తుంది. పాంథెనాల్ కూడా ఉంటే ఇంకా మంచిది.

కొనేముందు చూసుకోండి:

- ఆల్కహాల్ డీనాట్ (త్వరగా ఆవిరై చర్మాన్ని ఎండబెట్టే ఆల్కహాల్) పట్టికలో మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే వద్దు.
- సువాసన కలిపినది సున్నిత చర్మానికి వద్దు.
- మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాని మీద 6 ఎం లేదా 12 ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని అర్థం.
- మొదటిసారి అయితే చిన్న సీసా చాలు.

## 3. ముఖానికి ముందు మోచేతికి

హైలురోనిక్ యాసిడ్ దాదాపు అందరికీ పడుతుంది. పడనిది సాధారణంగా సీరంలోని మరేదో పదార్థం: సువాసనో, పాడవకుండా కలిపే ప్రిజర్వేటివో.

మోచేతి మడతలో నాణెమంత చోట రోజుకు రెండుసార్లు రాయండి. అలా 7 నుంచి 10 రోజులు. దద్దురు, దురద, ఎరుపు లేకపోతే ముఖానికి వెళ్లవచ్చు. అంత ఓపిక లేనివాళ్లు కనీసం రెండు మూడు రోజులైనా ఆగండి. దద్దురు వస్తే కడిగేసి అక్కడితో ఆపేయండి. "అలవాటవుతుందిలే" అని కొనసాగించేది ఇది కాదు.

ఒకే వారంలో రెండు కొత్త వస్తువులు మొదలుపెట్టకండి. ఏదైనా తేడా చేస్తే దేనివల్లో తేలదు.

## 4. కడగడంలోనే సగం తేమ పోగొట్టుకోకండి

కడిగాక ముఖం కిచకిచమంటే శుభ్రమైందని కాదు, ఉన్న నూనె కూడా పోయిందని అర్థం. ఆ స్థితిలో ఏ సీరం రాసినా ఇసుకలో పోసిన నీళ్లే.

- నీళ్లు గోరువెచ్చగానో చల్లగానో ఉండాలి. వేడినీళ్లు వద్దు.
- ఒంటి సబ్బు ముఖానికి వద్దు. సబ్బు క్షారం, చర్మపు పైపొర కొద్దిగా ఆమ్లం. ఆ తేడాకే బిగుసుకుంటుంది.
- క్లెన్సర్‌తో అర నిమిషం నుంచి నిమిషం చాలు.
- పొద్దున్నే ముఖం మరీ జిడ్డుగా లేకపోతే వట్టి నీళ్లతో కడిగినా సరిపోతుంది.
- తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. అదీ పూర్తిగా ఆరేదాకా కాదు.

సీరం, క్రీమ్ రెంటి మూతలూ తీసి పక్కన పెట్టుకున్నాకే ముఖం కడగండి. తర్వాత వెతుక్కునేలోగా ముఖం ఆరిపోతుంది.

## 5. తడి ఎంత ఉండాలి?

అందరూ తడబడేది ఇక్కడే. తడి ముఖం మీద రాయమంటే కొందరు నీళ్లు కారుతుండగానే రాస్తారు. సీరం పల్చబడి గడ్డం మీదుగా జారిపోతుంది. ఇంకొందరు ముఖం తుడిచి, జుట్టు దువ్వి, ఫోన్ చూసి, అప్పుడొచ్చి రాస్తారు. అప్పటికి చర్మం ఎండి ఉంటుంది.

చెంప మీద వేలు పెడితే వేలికి చెమ్మ అంటాలి, చుక్క మాత్రం జారకూడదు. ఉతికి పిండి ఆరేసిన బట్ట కాసేపటికి ఎలా ఉంటుందో అలా. ముఖం అద్దిన తర్వాత ఈ స్థితి ఒకటి రెండు నిమిషాలకు మించి ఉండదు. సీరం రాయాల్సింది ఆ గడువులోనే.

ఆరిపోయిందా? మళ్లీ కడగక్కర్లేదు. చేతులు తడిపి బుగ్గల మీద, నుదుటి మీద రెండు సార్లు అద్దుకుంటే చాలు. పల్చటి టోనర్ ఉంటే అదైనా సరే, ఆల్కహాల్ లేనిదై ఉండాలి. దీనికోసం ఖరీదైన స్ప్రే కొనాల్సిన పని లేదు. కుళాయి నీళ్లకు చర్మం చిరచిరలాడే వాళ్లు కాచి చల్లార్చిన నీళ్లు వాడుకోవచ్చు.

పొడి ముఖం మీద రాస్తే మునిగిపోయేదేమీ లేదు, సీరంలోనూ నీరుంటుంది. కానీ ఆ నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన పల్చటి పొర ఎండి చర్మాన్ని పట్టి లాగుతుంది. తడి మీద రాస్తే అదే సీరం ఇంకా పల్చగా, సమంగా పరుచుకుంటుంది, తక్కువతో సరిపోతుంది.

## 6. సీరం రాయడం

ఇది చిన్న పని, చెప్పడానికి ఎక్కువ లేదు.

ముఖానికి రెండు మూడు చుక్కలు, మెడకు ఇంకో రెండు. పంపు సీసా అయితే ఒక్క నొక్కు. డ్రాపర్‌ను ముఖానికి తాకించకండి, తాకితే క్రిములు సీసాలోకి చేరతాయి. అరచేతిలో వేసుకుని, రెండు చేతులకూ పట్టించి, బుగ్గల నుంచి మొదలుపెట్టి నుదురు, గడ్డం, మెడ దాకా అద్దుతూ పరవండి. రుద్దడం ఎక్కువైతే కాసేపటికి ఉండలు కడుతుంది.

కంటి కింద ఉంగరం వేలితో, ఎముక మీద మాత్రమే. కంట్లో పడితే నీళ్లతో కడుక్కోండి.

ఒకదాని మీద ఒకటిగా ఐదారు పొరలు వేసే పద్ధతిని కొందరు మెచ్చుకుంటారు. నా మటుకు ఒక పొర చాలు, చర్మం మరీ ఎండిన రోజున రెండు. అంతకు మించితే ముఖం జిగటగా మారి, దిండుకు అంటుకోవడం తప్ప ఒరిగేది లేదు.

## 7. మూత: ఇది లేకపోతే పైన చేసినదంతా వృథా

మూత లేని గిన్నెలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి? చర్మం నుంచి నీరు క్షణక్షణం ఆవిరైపోతూనే ఉంటుంది. హైలురోనిక్ యాసిడ్ ఆ నీటిని కాసేపు పట్టుకుంటుందే గానీ ఆవిరి కాకుండా అడ్డుకునే శక్తి దానికి తక్కువ. ఆ పని క్రీమ్‌ది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి ఈ సీరం కొన్నప్పుడు, క్రీమ్ జిడ్డుగా ఉంటుందని పక్కన పెట్టి, రాత్రిళ్లు ఏసీ గదిలో వట్టి సీరంతో పడుకునేదాన్ని. మూడు వారాలకు పెదాల పక్కన పొట్టు లేచింది. సీరమే పడలేదనుకుని ఇంకొకటి కొన్నాను. అదీ అంతే. మూడో సీసా కొనబోతూ పాత క్రీమ్ డబ్బా మళ్లీ తీశాను. వారం తిరగకుండా పొట్టు పోయింది. రెండు సీసాలనూ ఊరికే తిట్టుకున్నాను.

పొడి గాలిలో హైలురోనిక్ యాసిడ్ చర్మం లోపలి నీటినే పైకి లాగేస్తుందని ఒక వాదన ఉంది. అది ఎంతవరకు నిజమో వాదించుకోవచ్చు గానీ, లాగుతున్నట్టు అనిపించడం మాత్రం చాలామందికి అనుభవమే. కారణం ఏదైనా మందు ఒక్కటే, పైన మూత.

క్రీమ్ ఎప్పుడు రాయాలి? సీరం ఇంకా కాస్త చెమ్మగా, అంటుకుంటున్నట్టు ఉండగానే. అర నిమిషం, మహా అయితే నిమిషం. సీరం పూర్తిగా ఎండేదాకా ఆగితే ఆ నీరు పోయినట్టే.

ఏ క్రీమ్?

- జిడ్డు చర్మం: పల్చటి లోషన్, జెల్ క్రీమ్. డైమెథికోన్ అనే సిలికోన్ ఉన్నవి పైన పొర కడతాయి, జిడ్డు అనిపించదు.
- మామూలు చర్మం: సెరమైడ్లు (చర్మపు పైపొరలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న సాదా మాయిశ్చరైజర్.
- బాగా పొడి చర్మం: షియా బటర్, స్క్వాలేన్ లాంటివి ఉన్న చిక్కటి క్రీమ్.
- పొట్టు లేచిన చోట, పెదాల పక్కన, ముక్కు అంచుల్లో: క్రీమ్ మీద గింజంత పెట్రోలియం జెల్లీ. నీరు ఆవిరి కాకుండా ఆపడంలో దాన్ని మించినది దొరకడం కష్టం.

మొటిమలు వచ్చేవాళ్లు పెట్రోలియం జెల్లీ ముఖమంతా పూయకండి, అవసరమైన చోటే చాలు.

సీరం కొనడానికీ క్రీమ్ కొనడానికీ రెంటికీ డబ్బు సరిపోదనుకుంటే క్రీమే కొనండి. చాలా క్రీముల్లో గ్లిజరిన్, సోడియం హైలురోనేట్ ముందే కలిసి ఉంటాయి. దాన్ని చెమ్మగా ఉన్న ముఖం మీద రాస్తే రెండు పనులూ ఒక్క డబ్బాతో అయిపోతాయి.

## 8. మిగతా సీరాలతో వరస

సాధారణ సూత్రం తెలిసిందే, పల్చటిది ముందు, చిక్కటిది తర్వాత. చిక్కు వచ్చేది తడితోనే. కొన్ని మందులకు చర్మం పొడిగా ఉండాలి, దీనికేమో తడి కావాలి.

పొద్దున:
1. కడగడం
2. విటమిన్ సి వాడేవాళ్లు దాన్ని ఆరిన ముఖం మీద రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి
3. తడి చేతులతో ముఖం అద్దుకోవాలి
4. హైలురోనిక్ యాసిడ్
5. మాయిశ్చరైజర్
6. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత

సన్‌స్క్రీన్ ఎప్పుడూ చివరనే. క్రీమ్‌లో కలిపి రాయకండి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

రాత్రి, మామూలు రోజుల్లో: కడగడం, చెమ్మ, హైలురోనిక్ యాసిడ్, క్రీమ్.

రెటినాల్ లేదా ట్రెటినాయిన్ (వీటిని రెటినాయిడ్లు అంటారు) రాసే రాత్రి: ఇక్కడ జాగ్రత్త. తడి చర్మం మీద రెటినాయిడ్ రాస్తే మంట పెరగవచ్చు. అందుకని రెండు దారులు. ఒకటి, చెమ్మ మీద హైలురోనిక్ యాసిడ్, దాని మీద క్రీమ్ రాసి, ఇరవై నిమిషాలు పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు రెటినాయిడ్. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇది నయం. రెండోది, పొడి ముఖం మీద రెటినాయిడ్, ఆ తర్వాత వట్టి క్రీమ్. ఆ రాత్రికి ఈ సీరం మానేసినా నష్టం లేదు. డాక్టర్ రాసిచ్చిన మందైతే వాళ్లు చెప్పిన వరసే పాటించండి.

గ్లైకాలిక్, సాలిసిలిక్ లాంటివి వాడే రాత్రి: వాటిని ముందు పొడి ముఖం మీద రాసి, కొన్ని నిమిషాలాగి, తడి అద్దుకుని హైలురోనిక్ యాసిడ్, ఆపైన క్రీమ్.

నియాసినమైడ్‌తో ఏ గొడవా లేదు, ముందు రాసినా తర్వాత రాసినా ఒకటే. ఒక సీసాలోది ఇంకో సీసాలో పోసి కలిపి మాత్రం ఉంచకండి. కలిపినప్పుడు ఏది పాడవుతుందో కంటికి కనపడదు.

## 9. ఇబ్బంది ఇదైతే, దిద్దుబాటు ఇది

చిన్న చిన్న ఉండలు కట్టి రాలుతోంది. అది మట్టి కాదు, చచ్చిన చర్మమూ కాదు, సీరమే. ఎక్కువ రాశారు, లేదా రుద్దారు, లేదా పైన రాసిన సన్‌స్క్రీన్‌కూ దీనికీ పొసగలేదు. సగం తగ్గించి అద్ది చూడండి. అప్పటికీ ఉండలు కడితే క్రీమ్‌కూ సన్‌స్క్రీన్‌కూ మధ్య ఐదు నిమిషాలు ఆగండి. అయినా తగ్గకపోతే పొద్దున సీరం మానేసి రాత్రికే ఉంచుకోండి.

జిగటగా ఉంది. చుక్కలు తగ్గించండి, తడి పెంచండి. అదీ కుదరకపోతే మరో పల్చటి రకానికి మారండి.

రాసిన వెంటనే చురుక్కుమంది. ఒకటి రెండు నిమిషాల్లో పోతే, అంతకు ముందు రోజు యాసిడో రెటినాలో ఏదైనా ఎక్కువైందేమో చూసుకోండి. వారం రోజులు అవి ఆపి, క్లెన్సర్, క్రీమ్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడండి. మంట ఆగకుండా ఎరుపు, వాపు వస్తే సీరం కడిగేసి పక్కన పెట్టండి.

మొటిమలొచ్చాయి. హైలురోనిక్ యాసిడ్ రంధ్రాలను మూసే పదార్థం కాదు. అనుమానించాల్సింది సీరంలోని మిగతా పదార్థాలను, లేదా కొత్తగా మార్చిన క్రీమ్‌ను. రెండూ ఆపి, చర్మం నెమ్మదించాక ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టండి.

మధ్యాహ్నానికి మళ్లీ ఎండిపోతోంది. సీరం మళ్లీ రాయడం కాదు, పొద్దున రాసిన క్రీమ్ చాలట్లేదు. ఒక మెట్టు చిక్కటిదానికి మారండి. ముఖం మీద ఊరికే నీళ్లు చల్లుకుని వదిలేస్తే ఆ నీరు ఆరిపోతూ ఇంకాస్త బిగుతు చేస్తుంది.

ముడతలు పోలేదు. నీటి లోటు వల్ల పడే సన్న గీతలు తడి పట్టగానే కొంత నిండినట్టు కనిపిస్తాయి, కడిగేస్తే మళ్లీ కనిపిస్తాయి. లోతైన ముడతల మీద పైన రాసే ఈ సీరం ప్రభావం ఉండదు. ఎవరైనా అలా ఆశపెడితే నమ్మకండి.

## 10. గాలి పొడిగా ఉన్నప్పుడు

చలికాలం, హీటర్, ఏసీ, విమానం. వీటన్నిటిలోనూ గాలిలో తేమ పడిపోతుంది. విమానంలోనైతే అది తరచుగా ఇరవై శాతం లోపే.

అలాంటప్పుడు సీరం పెంచకండి, మూత పెంచండి. మామూలు లోషన్ బదులు చిక్కటి క్రీమ్, దాని మీద అవసరమైన చోట పెట్రోలియం జెల్లీ. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా మంచం జరపడం కూడా చికిత్సే. గదిలో హ్యుమిడిఫైయర్ (గాలికి తేమనిచ్చే యంత్రం) పెట్టుకునేవాళ్లు దాన్ని తరచూ శుభ్రం చేయాలి, లేకపోతే బూజు పడుతుంది. ప్రయాణంలో సీరం మానేసి వట్టి క్రీమ్ రాసుకుంటాను నేను. కదులుతున్న సీట్లో ముఖం తడుపుకునే తిప్పలు ఎందుకని.

ఉక్కపోతగా ఉన్న రోజుల్లో తిరగబడుతుంది లెక్క. అప్పుడు పల్చటి లోషన్ చాలు. జిడ్డు చర్మం ఉన్నవాళ్లకు రాత్రిపూట సీరం మీద జెల్ క్రీమ్ ఒక్క పొర సరిపోతుంది.

## 11. చేయకూడనివి

- పొడి కొని ఇంట్లో సీరం కలపడం. నీళ్లు కలిపిన మరుక్షణం నుంచి క్రిములకు అది విందు. ప్రిజర్వేటివ్ సరైన పాళ్లలో కలపడం ఇంట్లో తేలే పని కాదు.
- సూదుల రోలర్ గుచ్చి సీరం పోయడం. పైన రాయడానికి తయారుచేసిన ద్రవాన్ని చర్మం లోపలికి పంపితే వాపు, ఇన్ఫెక్షన్ రావచ్చు.
- సూది లేని హైలురాన్ పెన్. గాలి ఒత్తిడితో ఫిల్లర్‌ను (చర్మం కింద నింపే హైలురోనిక్ యాసిడ్ జెల్) పెదాల్లోకి కొట్టే పరికరం ఇది. దీన్ని వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. ఫిల్లర్ అనేది శిక్షణ ఉన్న డాక్టర్ చేతిలో జరగాల్సిన పని. సీరంతో దానికి పేరులో తప్ప పోలిక లేదు.
- పుండు, పగుళ్లు, తామర రేగిన చోట రాయడం. ముందు అది మానాలి.
- రంగు, వాసన మారిన సీసా "కొంచెమే ఉంది కదా" అని పూర్తి చేయడం.

గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ పైన రాసే హైలురోనిక్ యాసిడ్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ అదే సీసాలో రెటినాల్ లాంటిది కలిసి ఉందేమో చూసుకుని, పట్టికను డాక్టర్‌కు ఒకసారి చూపించండి.

రెండు మూడు వారాలు పద్ధతిగా చేసినా పొట్టు ఆగకపోతే, దురద నిద్ర చెడగొడుతుంటే, ఎర్రటి మచ్చలు అంచులు కట్టి పెరుగుతుంటే అది వట్టి పొడితనం కాకపోవచ్చు. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

## 12. పనిచేస్తోందా? సగం ముఖంతో తేల్చండి

తొలి తేడా రాసిన కొన్ని నిమిషాల్లోనే తెలుస్తుంది, చర్మం మెత్తగా, నిండుగా అనిపిస్తుంది. అది క్రీమ్ వల్లా, సీరం వల్లా అన్నది మాత్రం అనిపించడాన్ని బట్టి చెప్పలేం. నేను ప్రతి కొత్త సీరానికీ చేసే పరీక్ష ఇది:

1. రెండు వారాలు ముఖం కుడివైపు మాత్రమే సీరం రాయండి.
2. తడి, క్రీమ్, సన్‌స్క్రీన్ రెండు వైపులా ఒకేలా ఉండాలి.
3. మొదటి రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫోటో తీసుకోండి.
4. రోజూ సాయంత్రం రెండు బుగ్గల్లో ఏది బిగుతుగా ఉందో ఒక్క మాట రాసుకోండి.
5. చివర్లో ఫోటోలు ఇంట్లో ఎవరికైనా చూపించి, ఏ వైపు బాగుందో అడగండి. ఏ వైపు రాశారో ముందే చెప్పకండి.

కుడివైపు నిజంగా మెత్తబడితే రెండో వైపు కూడా మొదలుపెట్టండి. రెండు వైపులా ఒకేలా ఉంటే మీ క్రీమే పని అంతా చేస్తోందన్నమాట. మిగిలిన సీరాన్ని చేతులు కడుక్కున్నాక ముంజేతులకు రాసుకుని పూర్తి చేయండి, ఇంకో సీసా కొనకండి.